సాకేత్ మైనేని: డిగ్రీ చదువుతూనే టెన్నిస్ ప్రొఫెషనల్.. అమెరికా కాలేజీ కోచ్ ఏం చేస్తాడు? మన పిల్లలకు దారి ఉందా?

టెన్నిస్ ఆడితే చదువు పోతుంది, చదువుకుంటే టెన్నిస్ పోతుంది.. తెలుగు ఇళ్లలో చాలామంది తల్లిదండ్రుల లెక్క ఇదే. పదో తరగతి అవ్వగానే రాకెట్ అటక ఎక్కేస్తుంది, పిల్లాడు ఇంటర్ హాస్టల్‌కి వెళ్లిపోతాడు. కానీ ఈ రెండూ కలిసి నడిచే దారి ఒకటుంది. అదే అమెరికా కాలేజీ టెన్నిస్. కృష్ణా జిల్లా వుయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని ఆ దారిలోనే అంతర్జాతీయ స్థాయికి చేరాడు. ఆయన కెరీర్, ఆ వ్యవస్థలో కాలేజీ కోచ్ పాత్ర ఏంటో ఇప్పుడు చూద్దాం.

వుయ్యూరు టు అలబామా

సాకేత్ 1987 అక్టోబర్ 19న పుట్టాడు. విశాఖపట్నం ఆటగాడిగా పేరు తెచ్చుకున్నాడు. జూనియర్ స్థాయి తర్వాత నేరుగా ప్రొఫెషనల్ టోర్నీల వెంట పడకుండా అమెరికాలోని అలబామా యూనివర్సిటీలో చేరాడు. అప్పుడు అక్కడ పురుషుల జట్టు హెడ్ కోచ్ బిల్లీ పేట్. ఆయన తర్వాత 2012లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి మారారు. కాలేజీ ఆట ముగించుకున్నాకే సాకేత్ పూర్తిస్థాయిలో ప్రొఫెషనల్ సర్క్యూట్‌లోకి దిగాడు.

ఆలస్యంగా మొదలైనా..

2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. అదే క్రీడల్లో సనమ్ సింగ్‌తో పురుషుల డబుల్స్ రజతం కూడా దక్కింది. విశేషమేంటంటే.. సనమ్ కూడా వర్జీనియా యూనివర్సిటీ తరఫున ఆడినవాడే. అంటే రజతం తెచ్చిన జోడీలో ఇద్దరూ అమెరికా కాలేజీ కోర్టుల నుంచి వచ్చినవాళ్లే!

2016లో క్వాలిఫయింగ్ దాటి యూఎస్ ఓపెన్ సింగిల్స్ మెయిన్ డ్రాకు చేరాడు. తొలి రౌండ్‌లో చెక్ ఆటగాడు జిరీ వెసెలీపై మ్యాచ్ పాయింట్ దాకా వెళ్లాడు. కానీ కండరాలు పట్టేయడంతో ఐదో సెట్ 5-7తో చేజారింది. అప్పటికి ఆయన వయసు 28. అదే ఏడాది సింగిల్స్‌లో అత్యుత్తమంగా 137వ ర్యాంకు అందుకున్నాడు. ఢిల్లీలో స్పెయిన్‌తో జరిగిన డేవిస్ కప్ పోరులో లియాండర్ పేస్‌తో కలిసి నాదల్, మార్క్ లోపెజ్ జోడీపై తొలి సెట్ గెలిచినా మ్యాచ్ మాత్రం దక్కలేదు.

2017లో అర్జున అవార్డు వచ్చింది. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రామ్‌కుమార్ రామనాథన్‌తో డబుల్స్ రజతం గెలిచాడు. 2024 ఫిబ్రవరిలో, 60 ఏళ్ల తర్వాత పాకిస్థాన్ వెళ్లిన భారత డేవిస్ కప్ జట్టులోనూ ఉన్నాడు. యూకీ భాంబ్రీతో ఆయన గెలిచిన డబుల్స్‌తోనే ఆ పోరు భారత్ ఖాతాలో పడింది.

కాలేజీ కోచ్ పని ఏంటి?

మన దగ్గర కోచ్ అంటే ఆట నేర్పేవాడు. అక్కడ కోచ్ యూనివర్సిటీ ఉద్యోగి. ఎవరిని తీసుకోవాలి, స్కాలర్‌షిప్ ఎంత ఇవ్వాలి అన్నది చాలావరకు ఆయన చేతిలోనే ఉంటుంది. అగ్రశ్రేణి డివిజన్‌లో చాలా ఏళ్లపాటు పురుషుల జట్టు మొత్తానికి నాలుగున్నర స్కాలర్‌షిప్‌లు, మహిళలకు 8 మాత్రమే పరిమితి. అందుకే అప్పట్లో అబ్బాయిల్లో చాలామందికి పూర్తి ఫీజు మాఫీ కాకుండా, కొంత భాగమే వచ్చేది.

పోటీ కూడా జట్టుగానే. మూడు డబుల్స్ మ్యాచ్‌లకు కలిపి ఒక పాయింట్, ఆరు సింగిల్స్‌కు ఆరు పాయింట్లు. ముందు నాలుగు తెచ్చుకున్న జట్టుదే గెలుపు. మ్యాచ్ మధ్యలోనే కోచ్ కోర్టులోకి వచ్చి సలహా ఇవ్వొచ్చు. సీజన్‌లో జట్టు ప్రాక్టీస్ వారానికి 20 గంటలు దాటకూడదు. మార్కులు తగ్గితే ఆటగాడు కోర్టు బయటే!

మాజీ ప్రొఫెషనల్స్‌కు ఇదో రెండో కెరీర్. మెక్సికోకు చెందిన డేవిడ్ రోడిటీ టెక్సాస్‌లోని టీసీయూలో చదివి, ప్రొఫెషనల్ డబుల్స్ ఆడి, మళ్లీ అదే యూనివర్సిటీకి కోచ్‌గా వచ్చాడు. 2024లో జట్టును జాతీయ చాంపియన్‌గా నిలిపాడు.

అమ్మాయిల్లో సహజ

తెలుగమ్మాయి సహజ యమలపల్లిదీ ఇదే దారి. టెక్సాస్‌లోని సామ్ హూస్టన్ స్టేట్ యూనివర్సిటీలో ఆడి ప్రొఫెషనల్‌గా మారింది. భారత నంబర్ వన్ స్థానానికి ఎదిగింది. 2025లో మాజీ యూఎస్ ఓపెన్ చాంపియన్ స్లోన్ స్టీఫెన్స్‌కు షాకిచ్చింది.

ఉదయగిరి, ఆత్మకూరు పిల్లల సంగతేంటి?

ముందుగా తెలుసుకోవాల్సింది ఒకటే.. ఈ దారి ఇంటర్ అయ్యాక మొదలు కాదు. అమెరికా అర్హత నిబంధనల్లో 9వ తరగతి నుంచి ఇంటర్ వరకు చదివిన సబ్జెక్టులు, మార్కులు అన్నీ లెక్కలోకి వస్తాయి. ఇంగ్లిష్, మ్యాథ్స్, సైన్స్ లాంటి 16 కోర్ కోర్సులు పూర్తి చేసి ఉండాలి. చదువు అయ్యాక ఎక్కువ కాలం గ్యాప్ తీసుకుని టోర్నీలు ఆడితే అర్హతకే ఎసరు రావొచ్చు. కోచ్‌లు చూసేది టోర్నీ ఫలితాలు, యూటీఆర్ రేటింగ్, మ్యాచ్ వీడియోలు. ప్రైజ్ మనీ నిబంధనలు కూడా ముందే చూసుకోవాలి.

శిక్షణ విషయానికొస్తే.. 2010లో నాదల్ స్వయంగా వచ్చి ప్రారంభించిన టెన్నిస్ స్కూల్ రాయలసీమలోని అనంతపురంలోనే ఉంది. ఆర్డీటీతో కలిసి నడిచే ఈ కేంద్రంలో పేద పిల్లలకు టెన్నిస్‌తో పాటు ఇంగ్లిష్, కంప్యూటర్ కూడా నేర్పుతారు. ఆత్మకూరు మీదుగా వెళ్లే 67వ నంబర్ జాతీయ రహదారే బద్వేలు, తాడిపత్రి మీదుగా అటువైపు తీసుకెళ్తుంది.

అందరూ సాకేత్, సహజ కాలేరు. కానీ ఈ దారిలో ప్రొఫెషనల్ కాలేకపోయినా చేతిలో డిగ్రీ మిగులుతుంది. నేరుగా ప్రొఫెషనల్ టోర్నీల్లోకి దిగితే ఆ భరోసా ఉండదు. అందుకే రాకెట్‌ను అటకెక్కించాలా వద్దా అన్న నిర్ణయం పదో తరగతి రిజల్ట్స్ రోజు కాదు, 9వ తరగతిలో చేరేటప్పుడే తీసుకోవాలి.