కూలి, సామి, కోరంగి

మాటల పుట్టుపూర్వోత్తరాలు వెతికే మన పండితులు ధాతువు దొరకగానే పని ముగిసిందనుకుంటారు. మాట ఎక్కడ పుట్టిందన్నది సగం చరిత్రే. దాన్ని ఎవరు ఎవరిమీద ప్రయోగించారన్నది తక్కిన సగం. ఆ రెండో సగం శ్రామికుల చరిత్రతో ముడిపడినదని నా అభిప్రాయం. సముద్రం దాటిన మూడు మాటలను ఇందుకు ఉదాహరణగా తీసుకుంటాను.

మొదటిది కూలి. 'కూలికి పోయాడు', 'కూలి పెంచారు' అంటాం. ఇక్కడ కూలి అంటే చేసిన పనికి రావలసిన డబ్బో గింజలో. తమిళ కన్నడాల్లోనూ ఇదే అర్థం. మనిషిని చెప్పవలసివస్తే కూలివాడు, కూలిమనిషి అనేవారు. ఇంగ్లీషులో మనిషే 'కూలీ' అయ్యాడు. 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఈ మాటకు మూలం పశ్చిమ భారతంలోని కోలీల పేరేనని మొగ్గు చూపింది. దక్షిణాది 'కూలి'యే అసలు మూలమన్న విల్సన్ అభిప్రాయాన్నీ పేర్కొంది. ఏ వాదం నెగ్గినా, ఇంగ్లీషు మాటలో మనిషి మిగిలాడు, అతనికి రావలసిన కూలి మాయమైంది.

బ్రిటిష్ వలసల్లో బానిసత్వాన్ని రద్దుచేసే చట్టం 1833లో వచ్చింది. మరుసటి ఏడే మారిషస్ చెరకుతోటలకు ఒప్పంద కూలీల ఎగుమతి మొదలైంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి వెళ్ళిన 'ట్రూరో' ఓడ నేటాల్ చేరింది. ఆ దారిన పోయినవారిలో తెలుగువారూ ఎందరో ఉన్నారు. క్రమంగా అక్కడ కూలీ అన్నది పని పేరు కాకుండా పోయి జాతి పేరైంది. దుకాణదారూ కూలీయే, 1893లో వెళ్ళిన గాంధీ 'కూలీ బారిస్టరు'.

రెండోది సామి. స్వామి అనే మాటకు తద్భవం; ప్రభువని అర్థం. తమిళుల పేర్ల చివర వినిపించే ఈ మాటను దక్షిణాఫ్రికా తెల్లవారు భారతీయులందరికీ తిట్టుగా తగిలించారని గాంధీ తన ఆత్మకథలో రాశారు. అర్థం తెలియకుండానే యజమాని తన నౌకరును ప్రభువని పిలిచాడన్నమాట! నిఘంటువు అర్థానికీ వాడుకలోని అధికారానికీ ఎంత దూరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

మూడోది కోరంగి. గోదావరి ముఖద్వారం దగ్గర, కాకినాడకు చేరువలో ఉన్న పాత రేవు. ఓడలు కట్టిన ఊరు. 1839 తుఫాను దాన్ని ధ్వంసం చేసింది. ఊరు చితికినా పేరు బర్మాలో బతికింది. అక్కడికి వలసవెళ్ళిన తెలుగు శ్రామికుణ్ణి, అతనిది శ్రీకాకుళమైనా విశాఖ అయినా, కోరంగీ అనే పిలిచారు. 1930 మే నెలలో రంగూన్ రేవులోని ఈ కోరంగీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యాజమాన్యాలు వారి స్థానంలో బర్మా శ్రామికులను దింపాయి. సమ్మె పరిష్కారం కాగానే వాళ్ళను పొమ్మన్నాయి. ఇద్దరు శ్రామికుల ఆకలి జాతుల కొట్లాటగా మారి, వీధుల్లో తెలుగువారి నెత్తురు పారింది. చరిత్రకారులు దీన్ని అల్లర్లని రాస్తారు. నేను ముందుగా సమ్మెనే చూస్తాను. మాటలోంచి మాయమైన కూలిని, ఆ మాటతో పిలిపించుకున్నవాళ్ళే తిరిగి అడిగిన సందర్భమది.

అభ్యుదయ రచయితల సంఘం తొలి అఖిల భారత మహాసభ లక్నోలో జరిగిన 1936లోనే ముల్క్ రాజ్ ఆనంద్ 'కూలీ' నవల వచ్చింది. తిట్టును శీర్షికగా పెట్టి దానివెనకున్న మనిషిని చూపించడం రచయిత చేయగల పని.

ఆ పని ఇంకా మిగిలే ఉంది. ఆనకట్టల పనులకు దేశమంతా తిరిగిన మహబూబ్‌నగర్ జిల్లావాళ్ళకు 'పాలమూరు లేబర్' అని పేరుపడింది. కోరంగి లాగే ఇదీ ఊరి పేరే. 2020 లాక్‌డౌన్‌లో రోడ్లవెంట నడిచినవాళ్ళను మనమంతా 'వలసకూలీలు' అన్నాం. వాళ్ళకు ఎగ్గొట్టిన కూలి ఎంతని ఎందరం అడిగాం? ఈ మాట రాసే ప్రతి రచయితా, సాహిత్య విద్యార్థీ ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదే.