పావురమైన సీతాకోకచిలుక



మొన్న పుంగనూరులో నా మనుమడు చేతిఫోనులో నొక బొమ్మను జూపి పకపక నవ్వెను. ఒక యువకుడు సీతాకోకచిలుకవంక చేయి చాచి, అది పావురమేమో యని యడుగుచున్న బొమ్మ యది. ఎవరో ఆ సీతాకోకచిలుకపై ‘అప్పు’ అనియు, క్రింద ‘ఇది ఆదాయమా?’ అనియు వ్రాసియుండిరి. నాకును నవ్వు వచ్చినది. కాని “ఇది యెవరి బొమ్మరా?” యని నేనడుగగా వాడు తెల్లబోయెను. ఆ ప్రశ్నయే నేటి నా ప్రసంగమునకు మూలము.

ఆ బొమ్మ 1991లో జపానుదేశమున పిల్లలకై టెలివిజనులో ప్రదర్శింపబడిన ‘ఫైబర్డ్’ అను బొమ్మల కథలోనిది. అందు ఆకాశమునుండి వచ్చిన యొక జీవి మనుష్యరూపమగు యంత్రశరీరమున జేరి, భూలోకపు వస్తువుల పేర్లెరుగక తడబడును. కథలో నది క్షణకాలపు హాస్యము మాత్రమే. 2011లో ఆ క్షణమును చిత్రముగా నింటర్నెట్టున నుంచిరి. 2018లో నది లోకమంతట నల్లుకొనెను.

కారణమేమి? ఆ బొమ్మలో మూడు చోటులు కలవు: చూచువాడు, చూడబడునది, పొరపాటుమాట. ఆ మూటియందును ఎవరి కష్టసుఖములనైనను వ్రాసికొనవచ్చును. మూలకథ తెలియనక్కరలేదు, అచ్చుకూటముతో పనిలేదు. ఇట్టి దానిని ‘మీము’ అందురు. అనుకరణముచే మనసునుండి మనసునకు వ్యాపించు భావమునకు 1976లో రిచర్డ్ డాకిన్స్ అను జీవశాస్త్రజ్ఞుడు, గ్రీకుపదము నాధారముగా గొని, కల్పించిన పేరది.

ఒకచోటి వస్తువు లోకమునకు ప్రాకుట మన సీమకు క్రొత్త గాదు. 1911లో కలకత్తాలో మొదట పాడబడిన ‘జనగణమన’ గీతమును రవీంద్రనాథ ఠాగూరుగారు 1919 ఫిబ్రవరిలో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో పాడిరి. మార్గరెట్ కజిన్సుగారు దానికి స్వరములు వ్రాసిరి. ఫిబ్రవరి 28న కవియే దాని నింగ్లీషున ననువదించిరి. 1950 జనవరి 24న నది జాతీయగీతమయ్యెను. ఎన్ని నోళ్లు మారినను కవిపేరు దానిని విడువలేదు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన నివాసమున పొట్టియావులకు మేత పెట్టిన చిత్రములు దేశమంతట తిరిగినవి. ఆవు పేరులోనే పుంగనూరున్నది గనుక మన యూరి పేరును వానివెంట తిరిగినది.

జపానుబొమ్మకు ఆ భాగ్యము కలుగలేదు. దానిని జూచి నవ్వినవారిలో గీసినవారి పేరెరిగినవారు మిక్కిలి యరుదు.

2002లో కుప్పమున హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థవారు ప్రభుత్వముతో గూడి పల్లెలలో కంప్యూటరు కేంద్రములు నెలకొల్పిరి. నాడు మనమే కేంద్రమునకు నడచి పోవలసియుండెను. నేడు బొమ్మయే మన జేబులోనికి నడచి వచ్చుచున్నది. వచ్చినదానిని ద్రోసివేయుట మనకు సాధ్యము గాదు, ప్రశ్నించుట సాధ్యమే. ‘అప్పు’ అని వ్రాసిన చోటనే రేపొకడు పొరుగువాని కులమునో, ఇంటి యాడుబిడ్డ పేరునో వ్రాసినచో, హాస్యము నిందయగును. నింద ఊరు దాటిన పిమ్మట రచ్చబండ తీర్పు దానిని వెనుకకు దేలేదు.

కావున మీ మనుమలు బొమ్మను జూపినపుడు నవ్వుడు, తప్పులేదు. నవ్విన పిదప “ఇది యెవరిది? ఎప్పటిది? పైమాట వ్రాసినదెవరు?” అని యడుగుడు. సీతాకోకచిలుకను పావురమనుకొన్నవాడు భూమికి క్రొత్తవాడు, మనము కాము.