సాలెపురుగు కాటు - మన పసరు మందుల చరిత్ర

మా పెంటల్లో చీకటి పడ్డాక పాము పేరు ఎత్తరు. "పురుగు ముట్టింది" అంటారు. పాము కరిచినా అదే మాట, జెర్రి కరిచినా అదే మాట, చూరులోంచి సాలెపురుగు జారిపడి కరిచినా అదే మాట. పేరు పలికితే అది వింటుందనే భయం ఒకటి, కరిచినదేదో చీకట్లో కనబడకపోవడం ఒకటి. ఈ ఒక్క మాట చుట్టూనే మన ఇంటి వైద్యమంతా అల్లుకొని ఉంది. ఆ వైద్యం ఎక్కడ పనిచేసింది, ఎక్కడ ప్రాణం తీసింది అన్నది కూడా ఈ మాటలోనే దాగి ఉంది.

సాలెపురుగు అంటే నేసే పురుగు. సాలెల పేరే దానికి పెట్టారు. గద్వాల మగ్గాల ఊరు కాబట్టి ఆ పేరు అక్కడి వాళ్ళకు విడమరిచి చెప్పనక్కరలేదు. మా నల్లమలలో మగ్గాలు లేవు గానీ సాలెపురుగులకు కొదవ లేదు. 1940లో హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు అమ్రాబాదు పీఠభూమికి వచ్చి మా చెంచుల మధ్య ఉండి, 1943లో పుస్తకం అచ్చు వేయించాడు. గడ్డలు తవ్వుకొని, తేనె తీసుకొని, పండ్లు ఏరుకొని బతికే మనుషులుగా మా తాతలు అందులో కనిపిస్తారు. గడ్డ తవ్వాలంటే రాయి దొర్లించాలి. జిగురు తీయాలన్నా, తేనె తీయాలన్నా చెట్టు తొర్రల దగ్గర చెయ్యి ఆడాలి. పురుగు ఉండేదీ అక్కడే. కాటు మా వాళ్ళకు ఎప్పుడో ఒకసారి వచ్చే ఆపద కాదు, పనిలో భాగం. అందుకే ప్రతి పెంటలో పసరు తెలిసిన మనిషి ఒకరైనా ఉండేవారు.

బడి పిల్లలను ఇంట్లో అవ్వలను, తాతలను అడిగి మందులు రాసుకురమ్మన్నాం. నాగర్‌కర్నూలు వైపు పిల్లలతో పాటు వనపర్తి, గద్వాల వైపు పనిచేసే తోటి టీచర్లూ తమ పిల్లల చేత రాయించారు. నోటుబుక్కుల్లో వచ్చినవి చూస్తే అడవి వేరైనా, చేను వేరైనా మందులు మాత్రం దగ్గర దగ్గరగానే ఉన్నాయి. పసుపు, సున్నం కలిపి పట్టించడం అన్ని చోట్లా ఉంది. వేపాకు నూరి కట్టడం, తుమ్మి ఆకు పసరు పిండడం, ఉత్తరేణి వేరు అరగదీసి రాయడం కూడా అంతే. తేలుకైతే చింతగింజను రాయి మీద వేడెక్కేదాకా రాకి కుట్టిన చోట అంటిస్తారు. గింజ అంటుకొని ఉన్నంతసేపూ విషం లాగుతుందని, ఊడిపడితే విషం దిగినట్టని లెక్క. నల్ల ఈశ్వరి వేరు పేరు కొందరే రాశారు. అది పాము మందు, అందరికీ చెప్పరు.

ఒక పాప మాత్రం తన నోటుబుక్కులో, మా అవ్వ మందు చెప్పదు, చెబితే పనిచేయదంటది అని రాసుకొచ్చింది. అదీ చరిత్రే. మందు పేరు దాచుకోవడం వల్ల ఎన్నో మందులు మనిషితోనే మట్టిలో కలిశాయి.

సాలెపురుగు విషం గురించి పాత సంస్కృత వైద్యులూ చాలా ఆలోచించారు. సుశ్రుత సంహిత కల్పస్థానంలో సాలెపురుగును లూత అన్నారు. పదహారు రకాల లూతలు చెప్పి, ఎనిమిదింటి విషం కష్టం మీద తగ్గుతుందని, ఎనిమిదింటిది తగ్గనే తగ్గదని రాశారు. మన దగ్గర నిజంగా అంత ప్రాణాంతకమైన సాలెపురుగులున్నాయా? ఒంటి మీద పొక్కులు లేచి మంటపుట్టే జబ్బులు చాలావాటిని పూర్వం సాలెపురుగు ఖాతాలోనే వేసినట్టున్నారని మా అనుమానం. ఇప్పటికీ అంతే కదా. నడుముకు ఒక పక్కన పొక్కులు వరుసగా లేస్తే సర్పి అని జాజు పూస్తాం. అది చిన్నప్పుడు వచ్చిన అమ్మవారి తాలూకు వైరస్ నరంలో దాగి మళ్ళీ లేవడం. వానాకాలం దీపం చుట్టూ ముసిరే సన్న పురుగు మెడ మీద నలిగితే, తెల్లారేసరికి కాలినట్టు చార పడుతుంది. దాన్నీ సాలెపురుగు పాకిందనే అనుకుంటాం. ఆ పురుగు కరవనే కరవదు, దాని ఒంట్లోని రసం తగిలితే చాలు.

మన పసరు సాలెపురుగు కాటుకు ఎందుకు పనిచేసిందన్నది ఇక్కడే తేలుతుంది. ఎక్కువ సాలెపురుగుల కోరలు మన చర్మంలోకి దిగవు. దిగినా కాస్త వాపు, దురద, ఒకటి రెండు రోజుల నొప్పి. పసుపు పెట్టినా తగ్గుతుంది, పెట్టకున్నా తగ్గుతుంది. అలాగని మన అవ్వలను తక్కువ చేయడం లేదు. పుండు కడగడం, మురికి చేరకుండా చూడడం, చల్లటి ఆకు కట్టడం, బిడ్డను ఒళ్ళో పెట్టుకొని భయం పోగొట్టడం, ఇవన్నీ మంచి పనులే. డాక్టరు చెప్పేది కూడా దాదాపు ఇదే: సబ్బుతో కడుగు, చల్లటి గుడ్డ పెట్టు, గోకవద్దు.

నల్లమలలో పెద్ద సాలెపురుగు లేకపోలేదు. చెట్టు తొర్రల్లో ఉండే నీలిరంగు సాలెపురుగు ఒకటి ఉంది. దాని కథ వింతైనది. 1899లో పొకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త, అనంతపురం వైపు గుత్తిలో దొరికిన ఒక్క పురుగును చూసి దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఆ తర్వాత నూరేళ్ళ దాకా అది శాస్త్రవేత్తల కంట పడలేదు. 2001లో నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య అడవిలో మళ్ళీ దొరికింది. గుత్తి రైల్వే జంక్షను, అడవి కట్టెల వ్యాగన్లలో అది అక్కడిదాకా వెళ్ళి ఉంటుందని అంటారు. అడవి మనది, పేరు గుత్తిది. ఇప్పుడు విదేశాల్లో దాన్ని అద్దాల పెట్టెల్లో పెంచుకొనేందుకు కొంటారు. అడవిలో మాత్రం అంతరించిపోయే దశకు వచ్చింది. ఈ జాతి కరిస్తే నొప్పి గట్టిగానే ఉంటుంది, కండరాలు పట్టేస్తాయి, కొందరికి రోజుల తరబడి వదలవు. దాని కాటుతో మనిషి చనిపోయినట్టు మాత్రం ఎక్కడా రుజువు కాలేదు.

ఇక సాలెపురుగు కాటుతో చనిపోయారన్న వార్తల సంగతి. 2012లో అస్సాంలో తిన్సుకియా జిల్లా సదియా దగ్గర పెద్ద సాలెపురుగులు మనుషులను కరుస్తున్నాయని గోల లేచింది. ఇద్దరు చనిపోయారని దేశమంతా పత్రికల్లో వచ్చింది. కరిచిన వాళ్ళను ముందు మంత్రగాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళారని, బ్లేడుతో గాటు పెట్టి రక్తం తీశారని కూడా ఆ వార్తల్లోనే ఉంది. పురుగు విషమే చంపిందని శాస్త్రవేత్తలు తేల్చలేకపోయారు. మాకు మాత్రం ఆ బ్లేడు మీదే చూపు ఆగిపోయింది. మన వైపూ గాటు పెట్టే అలవాటు ఉంది.

అసలు భయం సాలెపురుగుది కాదు, సాలెపురుగు అని పొరబడిన కాటుది. కట్లపాము రాత్రి తిరుగుతుంది. నేల మీద పడుకున్న మనిషి పక్కలోకి వస్తుంది. దాని కోరలు సన్నవి, కరిస్తే చీమ కుట్టినంత కూడా తెలియకపోవచ్చు, గాయం కంటికి ఆనదు, వాపు ఉండదు. నిద్రలో ఉలిక్కిపడ్డ మనిషి "ఏదో సాలెపురుగై ఉంటది" అని పసుపు రాసుకొని మళ్ళీ పడుకుంటాడు. తెల్లవారుజామున కడుపులో నొప్పి, తర్వాత రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం. ఊళ్ళల్లో వేపాకు నమిలించి చేదు తెలుస్తుందా అని చూస్తారు. చేదు తెలిస్తే విషం లేదంటారు. కట్లపాము విషానికి ఆ పరీక్షతో ఏ సంబంధమూ లేదు. ఇంకా చెడ్డది, మింగలేని మనిషి నోట్లో పసరు పోయడం. అది పొట్టలోకి పోదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నల్ల ఈశ్వరి వేరు అయితే పాము విషానికి విరుగుడు కాకపోగా, అదే మూత్రపిండాలను పాడుచేసే మందని ఇప్పుడు రుజువైంది.

పాములకు పేర్లు పెట్టడంలో మన భాష వెనుకబడి లేదు. కంపెనీ కాలంలో విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు, మన జనం చెప్పిన పేర్లను అలాగే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకొని 1796లో పాముల పుస్తకం వేశాడు. కట్లపాముల కుటుంబానికి శాస్త్రంలో ఉన్న బంగారస్ అనే పేరు మన బంగారం మాటే. రక్తపింజరకు మాత్రం ఆయన పేరే ఇంగ్లీషులో నిలిచిపోయింది. పేరు చెప్పిన మన వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో ఏడాదికి సగటున 58,000 మంది చనిపోయారని ఒక పెద్ద పరిశోధన అంచనా వేసింది. ఎక్కువ మంది చనిపోయిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మన ఆసుపత్రుల్లో ఇచ్చే విరుగుడు సూది నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికే. సాలెపురుగుకు అది పనిచేయదు, అవసరమూ రాదు. ఆ సూదిలో ఆదివాసుల చెయ్యి ఉందని మనలో చాలామందికి తెలియదు. తమిళనాడు ఇరులలు తరతరాలుగా పాములు పట్టినవాళ్ళు. 1972 వన్యప్రాణి చట్టం, ఆ తర్వాత పాముచర్మం ఎగుమతి మీద నిషేధం వాళ్ళ బతుకుతెరువును తీసేశాయి. 1978లో వాళ్ళు సహకార సంఘం పెట్టుకున్నారు. పామును పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదులుతారు. దేశంలో విరుగుడు తయారీకి వాడే విషంలో అత్యధిక భాగం వాళ్ళ చేతుల మీదుగా వచ్చేదే. ఆ విషాన్ని కొంచెం కొంచెంగా గుర్రానికి ఎక్కిస్తారు, గుర్రం రక్తంలో పుట్టిన విరుగుడును వేరు చేస్తారు. అలా తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటి కొత్తూరు మండలం తిమ్మాపూర్‌లో ఉంది. ఆ ఊరు మొన్నటిదాకా మన పాలమూరు జిల్లాలోదే. 2023లో వడివేల్ గోపాల్, మాసి సదైయన్ అనే ఇద్దరు ఇరుల పాములవాళ్ళకు పద్మశ్రీ ఇచ్చారు.

మందు మన జిల్లాలో తయారైనా, లోపలి పెంటలో కాటు పడిన మనిషికి అది అందేది రోడ్డు ఉంటేనే, సిగ్నలు దొరికితేనే. ఇంకా కొన్ని పెంటలకు వానాకాలంలో బండి పోదు. మనిషిని మంచం మీదో డోలీలోనో మోసుకురావాలి. అలాంటప్పుడు పసరు మనిషిని పక్కకు నెట్టి ఆసుపత్రికి పొమ్మని చెబితే ఎవరూ వినరు. రాత్రిపూట అందరూ మొదట పరుగెత్తేది ఆయన దగ్గరికే. మాకు తెలిసిన ఒక పెద్దమనిషి ఇప్పుడు వేరే పద్ధతి పెట్టుకున్నాడు. పగలు కరిచి, కరిచింది సాలెపురుగని కళ్ళారా చూసి చెబితేనే ఆకు కడతాడు. రాత్రి నేల మీద పడుకున్న మనిషికి ఏం కరిచిందో తెలియదంటే ఆకు ముట్టడు. గాటు పెట్టనివ్వడు, తాడు బిగించి కట్టనివ్వడు, నోట్లో ఏమీ పోయనివ్వడు. కాలు కదలకుండా వెదురుబద్ద పెట్టి గుడ్డతో చుట్టి, మంత్రం మాత్రం దారి పొడుగునా చదువుతూ మోసేవాళ్ళ వెంట తనూ నడుస్తాడు.