సీసాకందని రుచి: కోస్గి సీమలో చెట్టుకల్లు చరిత్ర

పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) మెట్టనేలల పడమటి అంచున, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న కోస్గి, 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడేదాకా గుల్బర్గా జిల్లా కొడంగల్ తాలూకాలో ఉండి, ఆపైన మహబూబ్‌నగర్ జిల్లాలోకి, 2019లో కొత్తగా ఏర్పడిన నారాయణపేట జిల్లాలోకి మారింది. జిల్లాలూ పాలకులూ మారినా ఈ సీమ సర్కారు లెక్కల్లో చెక్కుచెదరకుండా నిలిచిన పద్దు ఆబ్కారీ, అంటే మత్తు పానీయాల మీద వసూలయ్యే సుంకం. ఒకప్పుడు ఆ సుంకంలో పెద్ద వాటా తాటికల్లు, ఈతకల్లులదే. ఏ చెట్టు కల్లు మేలో, ఏ పూట గీసింది తాగాలో, ఎవరి చేతి గీత నమ్మదగినదో రుచి చూసి తేల్చే పరిజ్ఞానం పల్లెల్లో తరతరాలుగా సాగినా, దఫ్తరాల కాగితాల మీద మిగిలింది పద్దే గాని రుచి కాదు.

మద్యాన్ని రుచి చూసి పోల్చడమనగానే చదువుకున్నవారి తలపుకు వచ్చేది ద్రాక్షసారాయం, అందులోనూ పోర్చుగల్ దేశపు పోర్ట్ వైన్. డౌరో నది లోయలో పండిన ద్రాక్షరసం పులుస్తూ ఉండగానే, చక్కెర ఇంకా మిగిలి ఉన్నప్పుడే, ద్రాక్షనుంచి కాచిన ఘాటైన సారాను అందులో కలిపితే పులియడం ఆగిపోతుంది. తీపి నిలుస్తుంది, మద్యసారం ఇంచుమించు నూటికి ఇరవై పాళ్లకు చేరుతుంది, పానీయం దశాబ్దాలపాటు చెడదు. ఆ లోయకు 1756లో మార్క్విస్ ఆఫ్ పొంబాల్ హయాంలోనే హద్దులు గీసి, ఆ హద్దుల్లో పండినదానికే ఆ పేరు చెల్లేలా కట్టుదిట్టం చేశారు. వింటేజ్ అనే మాటకు అర్థం మేలైన ఒకే ఏడాది పంటనుంచి తీసినదని. అలాంటి సీసాలను ముప్పై నలభై ఏళ్లు నేలమాళిగలో దాచి, వేర్వేరు ఏళ్లవాటిని పక్కపక్కన పెట్టి రుచి చూడటం అక్కడి రసికుల అలవాటు. పోర్ట్‌ను పోల్చడానికి వీలిచ్చింది దాని నిలవగుణం. కల్లుకు అదే లేదు. తెల్లవారి తియ్యగా దిగిన కల్లు మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, మరునాటికి పులిసి వినెగర్ దారి పడుతుంది. అందుచేత కల్లు రసికుడి పోలిక ఏళ్ల మధ్య గాక పూటల మధ్య, చెట్ల మధ్య సాగవలసి వచ్చింది. ఆ పనికి అతడే చెట్టు కిందికి నడిచి వెళ్లాలి గాని కల్లు అతడి దగ్గరికి రాదు.

వానలు తక్కువైన ఈ మెట్టసీమలో చెరువుకట్టలు, వాగు ఒడ్లు, పొలం గట్లు తాటికీ ఈతకూ నెలవులు. నిజాం కాలపు ఉర్దూ దఫ్తరాల్లో తాటికల్లును తాడీ అనీ, ఈతకల్లును సేంధీ అనీ విడివిడిగా రాసేవారు. రెంటి గీతా వేరు. తాటిచెట్టుకు గీసేది గెలను: మగచెట్టయితే పూతగెలను, ఆడచెట్టయితే లేతకాయల గెలను ఒత్తి, మెత్తబరిచి, కొసను పొద్దునా మాపునా పలచని పొరగా కోస్తూ కింద లొట్టి కడతారు. లొట్టి అంటే చెట్టుకు కట్టే చిన్న మట్టికుండ. కల్లుకొచ్చే తాటిచెట్లకు పోద్దాడు, పరుపుతాడు, పండుతాడు అనే పేర్లు తెలంగాణ గీతవృత్తిలో స్థిరపడ్డాయి.

ఈతచెట్టుకు గెలతో పని లేదు. మొవ్వు కింద ఒక పక్క మట్టలు కొట్టి, పైచెక్కు తీసి, లోపలి మెత్తని భాగాన్ని కత్తితో నునుపుగా చెక్కితే ఊరే నీరు గాడి వెంట జారి లొట్టిలో పడుతుంది. ఒక ఏడు ఒక పక్క గీస్తే మరుసటి ఏడు రెండో పక్క గీయడం ఆనవాయితీ గనక, ముదిరిన ఈతచెట్టు మాను అటూ ఇటూ మెట్లుమెట్లుగా వంకర తిరుగుతుంది. ఆ గంట్లు లెక్కపెడితే ఎన్నేళ్లు కల్లునిచ్చిందో చెప్పవచ్చు. చెట్టు తన జమాఖర్చు తన ఒంటిమీదే రాసుకున్నట్టు కనిపించే ఈ గంట్లు ఏ ఆబ్కారీ రిజిస్టరుకన్నా నమ్మదగినవి. రోజూ గీస్తే చెట్టు నీరసిస్తుంది కాబట్టి కొన్నాళ్లు గీసి కొన్నాళ్లు విడవడం మంచి గీతగాడి లక్షణం; అలా విడుపు తర్వాత మొదటి గీతకు దిగే నీరు తేటగా, ఎక్కువ తియ్యగా ఉంటుంది. చలికాలంలో పులియడం మందగిస్తుంది గనక పొద్దటి కల్లుకు ఆ రోజుల్లో మరింత గిరాకీ.

గీతవృత్తిని సాగించే కులాలవారిని తెలంగాణలో గౌడులు, గౌండ్లవారు అనీ, కర్ణాటక, రాయలసీమల వైపు ఈడిగవారు అనీ అంటారు. ఎల్లమ్మ, కాటమయ్య వారి ఇలవేల్పులు. నడుముకూ మానుకూ చుట్టుకొనే మోకు, కాళ్లకు వేసుకొనే బంధం, గీతకత్తులు, వాటిని పెట్టుకొనే సంచి ఇవన్నీ గీతగాడి పనిముట్లు. లొట్టిని కడగడంలోనే రుచి సగం తేలిపోతుంది. అడుగున పాత కల్లు తాలూకు మడ్డి కాస్త మిగిలితే అందులోని ఈస్టు కొత్త నీటిని చెట్టుమీదనే పులియబెడుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులియడం ఆగి తియ్యని నీరా దిగుతుంది. తాజా నీటిలో నూటికి సుమారు పది పన్నెండు పాళ్లు చక్కెర ఉంటే, పులిసిన కల్లులో మద్యసారం నాలుగైదు పాళ్లు.

చెట్టు కింద రుచి చూసే తీరుకూ ఒక క్రమం ఉంది. దించిన లొట్టిలో తేలే తేనెటీగలనూ చీమలనూ పీచుతో వడగట్టి, మడిచిన తాటాకు రేకలోకి వంచుతారు; నురుగు ఎంతసేపు నిలుస్తుందో చూసి, వాసన పట్టి, ఆపైన గుక్క వేస్తారు. ముందు తీపి, వెనక వగరు, గొంతు దిగాక ఘాటు వరసగా తగలాలి. తీపి మొదటే మాయమై పులుపు ముందుకొస్తే అది నిన్నటి మాపటిదనీ, వాసన మురిగితే లొట్టి కడగలేదనీ, పలచబడితే నీళ్లు కలిశాయనీ పట్టేస్తారు. డౌరో రసికులు సీసా మీది ఏటిని చదివి ఊహించుకొనే సంగతులను ఇక్కడివారు నేరుగా గీతగాడినే నిలదీసి తేల్చుకొనేవారు. చెట్టు ఎదురుగా ఉన్నంతకాలం కల్తీకి చోటు తక్కువ.

ఈ ఏర్పాటు తలకిందులైన క్రమం నిజాం రాజ్యపు ఆబ్కారీ విధానంలో కనిపిస్తుంది. కల్లు మీది రాబడిని ముందుగా ఒక మొత్తానికి గుత్తకిచ్చే పద్ధతి పాతదే. గుత్త పట్టినవాడు ముస్తాజిర్. 1316 ఫసలీలో, అంటే 1906–07 ప్రాంతంలో, వచ్చిన హైదరాబాద్ ఆబ్కారీ చట్టం ఈ వ్యవహారాన్నంతా శాసనం కిందికి తెచ్చింది. గీసే ప్రతి చెట్టుకూ పన్ను, అమ్మే ప్రతి దుకాణానికీ హర్రాజు, అంటే వేలం: ఈ రెండు వసూళ్లతో ఆబ్కారీ, భూమిశిస్తు తర్వాత రాజ్యానికి ముఖ్యమైన ఆదాయాల్లో ఒకటయింది. ఇందులో ఒక వింత ఉంది. సర్కారు మానులకు నంబర్లు వేసి ఏ చెట్టు గీస్తున్నారో ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. కాని ఆ చెట్లన్నిటి కల్లూ ముస్తాజిర్ దుకాణంలో ఒకే గోలెంలో కలిసింది. అధికారికి చెట్టు నంబరు తెలుసు, తాగేవాడికి మాత్రం చెట్టు తెలియకుండా పోయింది. గీతగాడు తన కల్లుకు తాను జవాబుదారీగా ఉండే స్థితి పోయి, కుండల లెక్కన కూలి తీసుకొనే స్థితికి దిగాడు. రుచి దెబ్బతినడానికి కల్తీకన్నా ముందు కారణం ఈ కలగలుపే.

ఆదాయానికి మూలం చెట్టే కావడం రాజకీయాల్లోనూ బయటపడింది. 1947లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ నడిపిన సత్యాగ్రహంలో సర్కారు రాబడిని దెబ్బకొట్టడానికి కల్లుచెట్లను నరకడం ఒక కార్యక్రమం. ఖజానాకు తగిలిన దెబ్బ గీతగాడి పొయ్యికీ తగిలిందన్నది ఉద్యమ చరిత్రల్లో తగినంతగా చర్చకు రాని విషయం. పాలమూరు దక్షిణపుటంచున తుంగభద్ర అవతల పరిస్థితి వేరు. మద్రాసు రాష్ట్రం 1937లో సేలం జిల్లాతో మొదలుపెట్టిన మద్యనిషేధాన్ని 1948 అక్టోబరు 2న రాష్ట్రమంతటికీ విస్తరించడంతో, నదికి ఒక ఒడ్డున కల్లు సర్కారు ఆదాయం, రెండో ఒడ్డున నేరం అయింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1968 నాటి ఎక్సైజ్ చట్టం కిందికి కల్లు వచ్చింది. గీత సహకార సంఘాలు ఏర్పడినా, చాలాచోట్ల సంఘం పేరుమీద డిపో నడిపింది డబ్బున్న కాంట్రాక్టరే. ఊళ్లు పెరిగి చెట్లు తరిగిన కొద్దీ, గిరాకీకి చాలని కల్లును నీళ్లతో పెంచి, తీపికి శాకరిన్‌నూ మత్తుకు క్లోరల్ హైడ్రేట్, డైజోపాం, ఆల్ప్రజోలం వంటి మందులనూ కలిపే దందా పాలమూరులో పాతుకుపోయింది. వీటిలో మొదటిది నిద్రమందు, మిగతా రెండూ ఆందోళన తగ్గించే మాత్రలు; అలవాటు పడ్డవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛ, మతిభ్రమ కలుగుతాయి. 2015లో ఎక్సైజ్ దాడులతో కల్తీకల్లు ఒక్కసారిగా ఆగినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ ఆసుపత్రులు అలాంటి రోగులతో నిండాయి. నాలుక మీద తేల్చవలసిన తేడాను ప్రయోగశాల తేల్చవలసిన రోజు వచ్చిందని అప్పటికి స్పష్టమయింది.

కోస్గి ఉన్న కొడంగల్ నియోజకవర్గం ఎమ్మెల్యే, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి, చెట్టుమీదినుంచి పడి గీతకార్మికులు చనిపోకుండా 2024 జూలైలో కాటమయ్య రక్షణ కవచం పేరిట మోకుల పంపిణీ ప్రారంభించారు. అంతకుముందు 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో తెరిచిన నీరా కేఫ్, పులియని నీరాను చల్లబరిచి అమ్మి, కల్లు ఎన్నడూ చేరని బల్లల మీదికి చెట్టునీటిని చేర్చింది. అయితే నీరా రుచి అంతా తీపే, అందులో పూటల తేడా ఉండదు. ఎక్సైజ్ లైసెన్సుల్లో సంఘం దుకాణాలతో పాటు, కొన్ని చెట్లను ఒకే గీతగాడికి కేటాయించి అతడే గీసి అతడే అమ్ముకొనే మరో పద్ధతి కూడా ఉంది. ఆ లైసెన్సు నడిచే ఊళ్లలో కల్లు గోలెంలోకి వెళ్లకుండా లొట్టినుంచి నేరుగా రేకలోకి దిగుతుంది. ఇది ఏ చెట్టుదని అడిగితే జవాబు చెప్పేవాడు అక్కడ ఎదురుగానే ఉంటాడు.