రెండు రాజ్యాంగములు – ఒక బడిలెక్క

మన దేశమున పౌరుల ప్రాథమిక హక్కులు ఒకే రాజ్యాంగమున వ్రాయబడియున్నవి. జమ్మూ కాశ్మీరమునకు మాత్రము 1957 నుండి 2019 వరకు వేరొక రాజ్యాంగము ఉండెను. అమెరికా సంయుక్త రాష్ట్రములలో అట్లు గాదు. అచట ప్రతి రాష్ట్రమునకును తన రాజ్యాంగమును, తన హక్కుల పట్టికయు గలవు. వర్జీనియా 1776లోనే హక్కుల ప్రకటన గావించెను; సమాఖ్య రాజ్యాంగమున హక్కుల సవరణలు చేరినది 1791లో. అవియు రాష్ట్ర ప్రభుత్వములను కట్టవని 1833లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అంతర్యుద్ధానంతరము 1868లో పదునాలుగవ సవరణ వచ్చిన పిదపనే, అదియు ఇరువదవ శతాబ్దమున మెల్లమెల్లగా, అవి రాష్ట్రములపై పనిచేయసాగెను.

ఒక పౌరునకు రెండు శాసనములున్నచో ఏది ప్రమాణము? శ్రుతిస్మృతులకు విరోధము గలిగినచో శ్రుతియే బలీయమని మన పెద్దలు నిర్ణయించిరి. శ్రుతి పలుకనిచోట స్మృతిని గ్రహించిరి. అచటి న్యాయమును ఇంచుమించు అట్టిదే. సమాఖ్య యిచ్చిన హక్కును రాష్ట్రము తగ్గింపరాదు. సమాఖ్య ఈయనిదానిని తాను ఈయవచ్చును.

ఇందుకు టెక్సాసు బడుల వ్యాజ్యమే తార్కాణము. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను కట్టు మనకు ఈ లెక్క సులభముగా బోధపడును. అచట బడుల వ్యయములో కొంతభాగము ఆయా ప్రాంతముల ఆస్తిపన్నునుండి రావలెను. 1967–68లో శాన్ ఆంటోనియో నగరమున ఎడ్జ్‌వుడ్ అను బీదల ప్రాంతమువారు నూరు డాలర్ల ఆస్తివిలువకు 1 డాలరు 5 సెంట్ల చొప్పున పన్ను కట్టిరి. రాష్ట్ర పథకమునకు చెల్లవలసిన వాటా పోగా విద్యార్థి యొక్కనికి మిగిలినది 26 డాలర్లు. ధనికులుండు అలామో హైట్సువారు 85 సెంట్లే కట్టిరి; వారికి మిగిలినది 333 డాలర్లు. లెక్కలతో తల నెరసిన నేనే ఈ అంకెలను రెండుమారులు చూచుకొంటిని. ఎక్కువ రేటు కట్టినవాని బిడ్డకే తక్కువ చదువు!

1968లో డెమెట్రియో రోడ్రిగెజ్ మొదలగు తల్లిదండ్రులు సమాఖ్య న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. 1973లో సుప్రీంకోర్టు, ఐదుగురు న్యాయమూర్తులు ఒకవైపును నలుగురు వేరొకవైపును కాగా, దానిని త్రోసివైచెను. విద్య సమాఖ్య రాజ్యాంగము కాపాడు మూలహక్కులలోనిది కాదట! ఆ గ్రంథమున విద్య యను మాటయే లేదు.

టెక్సాసు వారి 1876 నాటి రాజ్యాంగమున మాత్రము ఆ మాట గలదు. జ్ఞానవ్యాప్తి ప్రజల స్వాతంత్ర్యరక్షణకు అవసరమనియు, ఉచిత పాఠశాలలను సమర్థముగా నడుపుటకు ఏర్పాటు చేయుట శాసనసభకు విధి యనియు అందున్నది. ఆ వాక్యమును పట్టుకొని ఎడ్జ్‌వుడ్ వారు 1984లో రాష్ట్ర న్యాయస్థానమునకు పోయిరి. 1989లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా వారి పక్షమున తీర్పిచ్చెను. మొదటి వ్యాజ్యమునాడు బడిలో నున్న పిల్లలు అప్పటికి పెద్దవారైరి.

తీర్పు వచ్చినంతనే ధనము రాలేదు. శాసనసభ చేసిన ఏర్పాటులను న్యాయస్థానము మరి రెండుమారులు కొట్టివేసెను. తుదకు 1993లో, ధనిక ప్రాంతముల ఆస్తిబలములో కొంత పేదబడులకు మరల్చు చట్టము పుట్టెను. 1995లో న్యాయస్థానము దానిని అంగీకరించెను.