పగటి హాస్పిస్

పగటి హాస్పిస్ అనగా నయం కాని వ్యాధితో ఇంటివద్దనే ఉంటున్న రోగులకు వారంలో ఒకటి రెండు రోజులు, పగటిపూట మాత్రమే ఉపశమన సేవలు అందించే కేంద్రం. రోగి ఉదయం వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరుకొంటాడు. రాత్రి బస ఉండదు. ఇక్కడికి వచ్చేవారిలో కాన్సరు రోగులే ఎక్కువ. అయితే మూత్రపిండాలు, గుండె, ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవారికి, ఎయిడ్స్ రోగులకు, పక్షవాతం వచ్చినవారికి కూడా ఈ సేవలు అవసరమే. వ్యాధిని పోగొట్టడం దీని లక్ష్యం కాదు. నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్రలేమి వంటి బాధలను తగ్గించడం, రోగిని చూసుకొనే ఇంటివారికి కొంత విశ్రాంతి కల్పించడం దీని పని. "ఇంక చేయగలిగినది లేదు, ఇంటికి తీసుకొని వెళ్ళండి" అని ఆసుపత్రివారు చెప్పిన తరువాత కూడా రోగి నెలల తరబడి, ఒక్కొక్కసారి సంవత్సరాల తరబడి జీవిస్తాడు. పగటి హాస్పిస్ ఆ కాలానికి ఉద్దేశించినది.

చరిత్ర

మధ్యయుగపు ఐరోపాలో యాత్రికులకు, రోగులకు ఆశ్రయమిచ్చే సత్రాలను హాస్పిస్ అనేవారు. ఆధునిక హాస్పిస్ ఉద్యమానికి మూలం 1967లో సిసిలీ సాండర్స్ లండన్‌లో ప్రారంభించిన సెయింట్ క్రిస్టొఫర్స్ హాస్పిస్. రోగులు పగలు వచ్చి వెళ్ళే పద్ధతి 1975లో ఇంగ్లాండులోని షెఫీల్డ్ పట్టణంలో సెయింట్ లూక్స్ హాస్పిస్‌లో మొదలైంది.

భారతదేశంలో మొదటి హాస్పిస్ 1986లో ముంబైలో ఏర్పడిన శాంతి ఆవేదన సదన్. పగటి సేవకు మన దేశంలో దగ్గరి నమూనా మాత్రం కేరళలో కనిపిస్తుంది. 1993లో డాక్టర్ ఎం.ఆర్.రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ తదితరులు కోళికోడ్ వైద్య కళాశాలలో పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీని నెలకొల్పారు. రోగి పగలు వచ్చి, మందులు తీసుకొని, తన బాధ చెప్పుకొని ఇంటికి వెళ్ళే పద్ధతిపై ఆ క్లినిక్కు నడిచింది. తరువాతి కాలంలో ఊరివారే స్వచ్ఛంద సేవకులుగా శిక్షణ పొంది ఇంటింటికీ వెళ్ళే ఏర్పాటు దానికి తోడైంది. 2008లో కేరళ ప్రభుత్వం ఉపశమన సంరక్షణ విధానాన్ని ప్రకటించింది. దేశంలో ఇటువంటి విధానం చేపట్టిన మొదటి రాష్ట్రం అదే.

పనిచేయు విధానం

రోగి రాగానే నర్సు నొప్పి ఎంత ఉన్నదో సున్న నుండి పది వరకు అంకెలలో అడిగి వ్రాసుకొంటుంది. చదువు రానివారికి ముఖాల బొమ్మలు చూపుతారు, లేదా "రూపాయిలో ఎన్ని అణాల నొప్పి?" అని అడిగినా సరిపోతుంది. తరువాత పుండ్లకు కట్టు మార్చడం, మూత్రపు గొట్టం మార్చడం, పొట్టలో చేరిన నీరు తీయడం, వాచిన చేతికి మర్దనా వంటివి జరుగుతాయి. నోటి కాన్సరు పుండ్ల నుండి వచ్చే వాసన వలన రోగి దగ్గరకు ఇంటివారు కూడా రాలేని పరిస్థితి ఏర్పడుతుంది. మెట్రోనిడజోల్ మాత్రలను పొడిచేసి పుండుపై చల్లితే ఆ వాసన చాలావరకు తగ్గుతుంది. ఖర్చు తక్కువైన ఈ చిన్న పని వలన మనుమలు తిరిగి దగ్గరకు వస్తారు. కావున దీనిని చిన్న పనిగా భావించరాదు.

స్నానం, మధ్యాహ్న భోజనం, తోటి రోగులతో మాట్లాడుకొనడం కూడా సేవలో భాగమే. ఆ నాలుగైదు గంటలలో ఇంటి ఇల్లాలు కూలికి వెళ్ళవచ్చును, లేదా నిద్రపోవచ్చును.

మంచం దిగలేని రోగి కేంద్రానికి రాలేడు. ఆ దశలో అదే నర్సు ఇంటికి వెళ్ళవలసి ఉంటుంది. ఇంటి సందర్శనలు లేని పగటి హాస్పిస్ రోగిని చివరి వారాలలో వదిలివేసినట్లే అవుతుంది.

మార్ఫిన్

తీవ్రమైన కాన్సరు నొప్పికి నోటిద్వారా ఇచ్చే మార్ఫిన్ ముఖ్యమైన మందు. సాధారణ మాత్రను నాలుగు గంటలకొకసారి ఇస్తారు. మలబద్ధకం తప్పక వస్తుంది గనుక విరేచనకారి మందును కూడా మొదటి రోజు నుండే జతచేస్తారు. ఇది ప్రాణం తీస్తుందనీ, అలవాటు పడిపోతారనీ ప్రజలలో భయం ఉన్నది. నొప్పికి తగిన మోతాదులో వైద్యుని పర్యవేక్షణలో వాడినప్పుడు ఆ భయానికి ఆధారం లేదు.

ఔషధాల కొరకు చట్టబద్ధంగా నల్లమందు పండించే దేశాలలో భారతదేశం ఒకటి. అయినా ఇక్కడి రోగికే మార్ఫిన్ దొరకకపోవడం విచిత్రం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం క్రింద పలు అనుమతులు అవసరం కావడంతో ఆసుపత్రులు ఈ మందు ఉంచడం మానుకొన్నాయి. 2014 సవరణ తరువాత గుర్తింపు పొందిన వైద్యసంస్థకు రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి అనుమతి చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన అంచనా ప్రకారం ఏటా 5 కోట్ల 68 లక్షల మందికి ఉపశమన సంరక్షణ అవసరం కాగా, అది అందుతున్నది సుమారు 14 శాతం మందికే.

తెలుగునాట

హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రిలో 2006 ప్రాంతంలో ఉపశమన విభాగం మొదలైంది. బంజారాహిల్స్ రోటరీ క్లబ్ 2011లో స్పర్శ్ హాస్పిస్‌ను స్థాపించింది. తెలంగాణలో ప్రభుత్వ ఆసుపత్రులలో ఉపశమన కేంద్రాలు, 'ఆలన' పేరుతో ఇంటికి వెళ్ళే వాహనాలు ఏర్పడ్డాయి. రాయలసీమ దక్షిణ కొసన ఉన్నవారికి మాత్రం హైదరాబాదు కంటె బెంగళూరు దగ్గర. అక్కడి కరుణాశ్రయ హాస్పిస్ 1994లో ఏర్పడిన ట్రస్టు ఆధ్వర్యంలో, 1999 నుండి రోగులను చేర్చుకొని ఉచితంగా సేవలు అందిస్తున్నది.

లేపాక్షి ప్రాంతం

గాయపడిన జటాయువుతో రాముడు "లే పక్షీ" అన్నందున లేపాక్షికి ఆ పేరు వచ్చిందని జనశ్రుతి. మరణించబోయే ప్రాణి చెంత కూర్చున్న కథ ఈ ఊరి పేరులోనే ఉన్నదన్నమాట. వీరభద్రాలయం వలన ప్రసిద్ధమైన ఈ ఊరు 2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లాలో, తరువాత శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. హిందూపురం సుమారు 15 కి.మీ., బెంగళూరు సుమారు 120 కి.మీ. దూరం.

దేశంలో అతి తక్కువ వర్షపాతం గల ప్రాంతాలలో అనంతపురం పీఠభూమి ఒకటి. వేరుశనగ పంట పోయిన ఏడు పనికొరకు బెంగళూరుకు వలస వెళ్ళడం ఇక్కడ మామూలు. పడుచువారు వెళ్ళగా ఇంటిలో ముసలివారు మిగులుతారు. ఒక వృద్ధుని నొప్పిని మరొక వృద్ధురాలు చూసుకోవలసి వస్తుంది. నొప్పి మాత్రల కొరకు బెంగళూరు వెళ్ళిరావడమంటే రోగికి ఒక రోజు ప్రయాణం, తోడు వచ్చినవారికి ఒక రోజు కూలి నష్టం. ఇటువంటి చోట పగటి హాస్పిస్‌కు భవనం కంటె వాహనం ముఖ్యం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక గది, శిక్షణ పొందిన నర్సు, హిందూపురం ఆసుపత్రి నుండి మార్ఫిన్ సరఫరా, పల్లెలలో రోగులను గుర్తించే ఆశా కార్యకర్తలు ఉంటే వారానికి ఒక రోజుతో ఆరంభించవచ్చును. ఎండాకాలంలో మధ్యాహ్నపు ప్రయాణం రోగికి ప్రమాదకరం గనుక ఉదయం తొందరగా తెచ్చి, ఎండ తగ్గిన తరువాత ఇంటికి చేర్చవలసి ఉంటుంది. రాగిముద్ద మింగలేని గొంతు కాన్సరు రోగికి పలుచని రాగి జావ ఇవ్వవచ్చును.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జూలై నుండి పక్షవాతం వంటి కారణాలతో మంచాన పడినవారికి నెలకు 15,000 రూపాయలు, డయాలసిస్ రోగులకు 10,000 రూపాయలు పింఛను ఇస్తున్నది. ఈ పింఛనుకు కావలసిన వైద్య ధ్రువపత్రాల విషయంలో రోగి కుటుంబానికి సహాయపడడం కూడా ఇటువంటి కేంద్రం చేయదగిన పనులలో ఒకటి.