పచ్చిక ఎవరిది? లాన్ బౌల్స్ కథ, ఒక గిరిజన ఆడబిడ్డ

మన పాటల గురించి, పండుగల గురించి ఈ సంచికలో పెద్దలు రాస్తారు. మేము ఒక ఆట గురించి రాయాలనుకున్నాం. అది మన ఆట కాదు, మన వైపు దాన్ని ఆడగా మేము చూడలేదు. అయినా దాని చరిత్ర మన పిల్లలకు తెలియాలి. దాని పేరు లాన్ బౌల్స్.

గోలీలాట ఆడినవాళ్లకు ఇది తొందరగానే అర్థమవుతుంది. నున్నగా కత్తిరించిన పచ్చిక మీద ముందుగా జాక్ అనే చిన్న బంతిని దొర్లిస్తారు. తర్వాత ఒక్కొక్కటి దాదాపు కిలోన్నర తూగే బంతులను దాని దగ్గరికి చేర్చాలి. తిరకాసంతా ఆ పెద్ద బంతిలోనే ఉంది. దాని రెండు పక్కలూ ఒకేలా ఉండవు కాబట్టి వేగం తగ్గేకొద్దీ ఒకవైపుకు వంగుతుంది. నేరుగా గురిపెడితే తప్పిపోతుంది, కాస్త పక్కకు వదిలితేనే జాక్‌ను చేరుతుంది. రచ్చకట్ట దగ్గర గుండు ఎత్తడానికి కావలసిన బలం దీనికి అక్కర్లేదు. ఓపిక, అంచనా ఉంటే చాలు.

ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో 1299 నుంచి ఈ ఆట పచ్చిక ఉందని చెబుతారు. మాకు అంతకంటే ముఖ్యమనిపించింది 1541 నాటి సంగతి. ఆ ఏడాది ఎనిమిదో హెన్రీ కాలంలో వచ్చిన చట్టం కూలివాళ్లు, చేతిపనివాళ్లు, పనివాళ్లు ఈ ఆట ఆడకూడదంది. క్రిస్మస్ రోజుల్లో మాత్రం ఆడుకోవచ్చు, అదీ యజమాని ఇంట్లోనే. ఆస్తిపరులు మాత్రం తమ సొంత పచ్చికల మీద ఆడుకున్నారు. ఆ నిషేధం 1845లో గానీ పోలేదు. ఆ తర్వాత స్కాట్లండు, ఇంగ్లండు పట్టణాల్లో క్లబ్బులు పెరిగి, చేతిపనివాళ్లు కూడా ఆటలోకి వచ్చారు.

ఇక్కడ ఒక్కమాట చెప్పకుండా ఉండలేం. తమ కూలివాళ్ల మీద ఆట నిషేధం ఎత్తేసిన 26 ఏళ్లకు, 1871లో, ఆ పాలకులే మన దేశంలో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకలవారిలో ఎందరో వేలిముద్రలు వేసి, హాజరు పలుకుతూ బతికారు. స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు అప్పుడు పుట్టినవే. స్వతంత్రం వచ్చాక 1952లో గానీ దేశమంతటా ఆ చట్టం పోలేదు. బ్రిటిషువాళ్లు బంతులు తెచ్చి కలకత్తాలో తమ క్లబ్బుల పచ్చిక మీద ఆడుకున్నది కూడా ఆ పాలనలోనే. ఆ పచ్చిక మీదికి మనలాంటివాళ్లను రానిచ్చేవారా? మీరే ఆలోచించండి.

కామన్వెల్త్ క్రీడల్లో 1930 నుంచీ ఈ ఆట ఉంది. మన దేశం అందులో దిగింది మాత్రం 2010లో, ఢిల్లీలో. 2011లో జార్ఖండ్‌లో జాతీయ క్రీడలు జరిగాయి. రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో లాన్ బౌల్స్ మైదానం ఉంది. దగ్గర్లో మైదానం ఉన్నచోట ఏమవుతుందో చూడండి.

2022 ఆగస్టు 2న బర్మింగ్‌హామ్‌లో మహిళల ఫోర్స్ ఫైనల్ జరిగింది. అంతకుముందు సెమీఫైనల్లో మనవాళ్లు న్యూజిలాండ్‌ను 16-13తో ఓడించి వచ్చారు. జట్టులో నలుగురు. లవ్లీ చౌబే జార్ఖండ్ పోలీసు శాఖలో కానిస్టేబుల్, ఒకప్పుడు లాంగ్‌జంప్ చేసేవారు. పింకీ ఢిల్లీ బడిలో వ్యాయామ టీచరు. అస్సాం నుంచి వచ్చిన నయన్‌మోని సైకియా మొదట బరువులెత్తేవారు, గాయమై ఇటు వచ్చారు. నాలుగో ఆమె రాంచీకి చెందిన రూపారాణి తిర్కీ, అంతకుముందు కబడ్డీ ఆడేవారు. తిర్కీ అంటే ఒరావ్ గిరిజనుల ఇంటిపేరు. ఒరావ్‌ల కురుఖ్ భాష ద్రావిడ భాషే, మన తెలుగుకు దూరపు చుట్టం!

ఫైనల్లో దక్షిణాఫ్రికా మీద మొదట 8-2తో ముందున్నారు. తర్వాత ఆట తిరగబడి 8-10తో వెనకబడ్డారు. చివరి విడతల్లో మళ్లీ కోలుకుని 17-10తో గెలిచారు. ఈ ఆటలో మన దేశానికి అదే తొలి కామన్వెల్త్ పతకం, అదీ బంగారం. జట్టులో చివరి బంతులు వేసి, మిగతావాళ్లకు దారి చెప్పే స్థానాన్ని స్కిప్ అంటారు. ఆ స్థానంలో ఆడింది రూపారాణే. లవ్లీకి, పింకీకి అప్పటికి నలభై దాటాయి. మా వయసు ఆడవాళ్లకు ఆ మాట ఎంత బాగుంటుందో మీకిప్పుడే తెలియదులెండి.

పూర్తి పచ్చిక కావాలంటే వైపుకు 31 నుంచి 40 మీటర్ల చదును నేల, ఎండాకాలంలోనూ నీళ్లు కావాలి. తాగునీటికే దిగువ కాలువ వైపు చూసే మన ఊళ్లలో అది కష్టమే. కానీ హాలులో పరుచుకునే పొట్టి చాప మీద కూడా ఈ ఆట ఆడతారు. దాని పొడవు 40 నుంచి 45 అడుగులు. మీ తండాలో, మీ కాలనీలో ఆటకని వదిలిన జాగా ఎంత ఉంది, అది ఎవరి పేరున ఉంది, ఎవరైనా ఆక్రమించారా? ఈ సెలవుల్లో టేపు పట్టుకుని కొలిచి, కాగితం మీద రాసి మాకు తెచ్చివ్వండి.